రోజుకో అర్థం

"నిన్నటి దాకా చెప్పినవి ఒప్పజెప్పు," అంది పిడుగు, చెక్క స్కేలుతో బల్ల మీద కొడుతూ.

టైలరమ్మ బుద్ధిగా చేతులు కట్టుకుంది. కొట్టుకి వచ్చే ఎంతెంత పెద్దవాళ్లనైనా కొలతలప్పుడు కదలకుండా నిలబడమని గదమాయించే మనిషి, తొమ్మిదేళ్ల పిల్ల ముందు నీళ్లు నమిలింది.

"గెట్ అంటే పొందడం. గెటప్ అంటే లేవడం. గెట్ వెట్ అంటే తడవడం. గెట్ యాంగ్రీ అంటే..."

పిడుగు కళ్లురిమి చూసింది. దాంతో గుర్తొచ్చేసింది, కోపం రావడం.

అనాథ పిల్లల వసతి గృహంలో భోజనాల హాలే వాళ్ల బడి. ఏడాది కిందట యూనిఫారాలకి కొలతలు తీయడానికి వచ్చినప్పుడు, "నాకు రెండంగుళాలు ఎక్కువ పెట్టు, నేను పెరుగుతాను" అని ఆర్డరేసింది ఈ పిల్ల. పెళ్లీ పెటాకులూ లేకుండా నలభై దాటిన టైలరమ్మ మనసు అక్కడే చిక్కుకుపోయింది. వెనకా ముందూ చూడకుండా దత్తతకి దరఖాస్తు పెట్టేసింది. ఇక మిగిలింది ఆఫీసరమ్మ ముందు మాట్లాడడం. అడిగేదంతా ఇంగ్లీషులోనేనట. తడబడితే కాగితాలు పక్కన పడేస్తారట. టైలరమ్మకి తెలిసిన ఇంగ్లీషల్లా కాలరు, జిప్పు, ఇంచి టేపు. అందుకే రోజూ సాయంత్రం గంట ముందే కొట్టు కట్టేసి వచ్చేస్తోంది.

"పొందడానికీ తడవడానికీ సంబంధం ఏంటే?" అని మొత్తుకుందొకరోజు.

"మనకి మాత్రం నిద్ర పట్టదా, తుప్పు పట్టదా, చెమట పట్టదా? అప్పుడడిగావా?"

పోనీ నాలుగైదు ఒక్కసారే చెప్పేయమని బతిమాలింది టైలరమ్మ. రోజుకొకటే, ఎక్కువైతే అరగవంది పిడుగు. డిక్షనరీ కొనుక్కుంటానంటే, అందులో అన్నీ తప్పులేనని తేల్చేసింది. ఇంతకీ ఈ గెట్‌కి అంతెక్కడ అనడిగితే మాత్రం, ఇంకా బోలెడున్నాయనేది.

అక్కడి వంటామె చెప్పింది, ఇదివరకు రెండు జంటలు ఈ పిల్లని చూసి ముచ్చటపడ్డాయని. బొమ్మలిచ్చారు, బుగ్గలు పుణికారు, మళ్లీ వస్తామన్నారు. రాలేదు. ఆ రాత్రి టైలరమ్మకి అన్నం సయించలేదు. తన నాలుక తిరగక ఈ పిల్లకి మూడోసారీ అన్యాయం జరిగితే ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలని కుమిలిపోయింది. మర్నాటి నుంచి మిషను తొక్కుతూ కూడా గెట్టు, గెట్టు అని వల్లె వేసుకుంది. ఆ ధ్యాసలో ఒకాయన చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టింది.

వొళ్లు కాలిపోతున్నా మానకుండా టైలరమ్మ వచ్చిన రోజున పిడుగు పాఠం చెప్పలేదు. నుదుటి మీద చెయ్యేసి చూసి, గెట్ వెల్ అంది. దానికి అర్థం చెప్పలేదు. టైలరమ్మ అడగనూ లేదు.

పిలుపు రానే వచ్చింది. టైలరమ్మ వెళ్లి ఆఫీసరమ్మ ఎదుట కూర్చుంది.

"రోజూ ఎన్నింటికి లేస్తావమ్మా?" అని ఆవిడ అచ్చంగా మన భాషలోనే అడిగింది.

"ఐ గెటప్ ఫైవ్. ఐ గెట్ టీ. ఐ గెట్... గెట్..." చెమటలు పట్టేశాయి టైలరమ్మకి.

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి, ఈ అవస్థంతా ఏంటని అడిగింది. ఇంగ్లీషులో అడుగుతారని విన్నానంది టైలరమ్మ బిక్కమొహం వేసుకుని.

"ఈ కుర్చీలో పదేళ్ల నుంచి ఉన్నాను. ఎవర్నీ అలా అడగలేదమ్మా. ఎవరు చెప్పారు నీకు?"

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది. బయట బెంచీ మీద పిడుగు తల దించుకుని గోళ్లు కొరుక్కుంటోంది. ఎవరో అంటే విన్నానని సర్దేసింది టైలరమ్మ. ఆఫీసరమ్మ మరో అరగంట అవీ ఇవీ అడిగి, నవ్వుతూ సంతకం పెట్టింది.

బట్టల సంచి ఒక చేత్తో, పిల్ల చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఇంటి దారి పట్టింది టైలరమ్మ. వీధి మలుపు తిరిగాక అడిగింది, అంత అబద్ధం ఎందుకు చెప్పావే అని.

"అలా చెప్తే రోజూ వస్తావని," అంది పిడుగు.