గిటార్‌కి పెట్టిన మైకు

"తీగ మీటవయ్యా," అన్నాడు దోస్మత్ మూడోసారి.

షబ్దాన్ మీటలేదు. గిటార్ చెక్క మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, హాలు చివరి గోడ దాకా చెవి సాగదీసి విన్నాడు.

"బొయ్యిమంటోంది అన్నా. మైకు రంధ్రానికి మరీ దగ్గరైంది."

చిటికెనవేలంత మైకుని అక్కణ్ణుంచి ఊడదీసి, మెడ వచ్చి పొట్టకి అతుక్కునే చోట బిగించాడు. దాని వైరు నడుముకి కట్టుకున్న, సౌండు పంపే డబ్బీలోకి దోపాడు. "ఇప్పుడు మెల్లగా పెంచు. ఈల వేసిందంటే ఆపెయ్. కాస్త మారుమోత కూడా కలుపు."

దోస్మత్ కిర్గిజ్ దేశంలోని కరకోల్ ఊరి విందు హాలులో సౌండు మనిషి. పదిహేనేళ్లుగా ఆ ఊరి పెళ్లిళ్లన్నీ మోగించినవాడు. అక్కడికొచ్చే మహా గాయకులు పెదాలు ఆడిస్తారు, పాట పెట్టెలోంచి వస్తుంది. అందుకే అతనికి విసుగు కంటే వింత ఎక్కువగా ఉంది.

"మైకుకి గంటసేపు ముస్తాబు చేసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. మావాళ్లయితే దాన్ని ఆన్ కూడా చెయ్యరు."

"వాళ్లకి పిల్లనిస్తామని ఎవరూ అనలేదుగా."

అదీ సంగతి. పిల్ల పేరు బురుల్. తండ్రి జుమాగాజీ, లెక్కల మేష్టరుగా రిటైరైన మనిషి. షబ్దాన్‌కి బజారులో మైకులూ స్పీకర్లూ అమ్మే కొట్టుంది. ఆ సంగతి మేష్టరు చెవిన పడకముందే, సంబంధం తెచ్చిన షబ్దాన్ వదిన గిటార్ సంగతి పడేసింది. ఈ అబ్బాయి వాయిస్తే ఇస్సిక్-కుల్ సరస్సులో చేపలు ఒడ్డెక్కి వింటాయట.

"చేపల సాక్ష్యం నాకొద్దు," అన్నాడు మేష్టరు. "మా అన్న డెబ్బయ్యో పుట్టినరోజు విందులో వాయించు. నాకు నచ్చితే మీ అమ్మ వచ్చి మా పిల్ల చెవులకి పోగులు పెడుతుంది. నచ్చకపోతే ఆ పోగులు ఆవిడే పెట్టుకుంటుంది."

పోగులు పెడితే పిల్ల ఖాయమైనట్టే. ఆ పోగులిప్పుడు ఆరో బల్ల దగ్గర, షబ్దాన్ తల్లి చేతిసంచిలో ఉన్నాయి.

విందు మధ్యాహ్నం మొదలైంది. ఐదింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి, వేరే పెళ్లివాళ్లొస్తారు. ముందు పెద్దల దీవెనలు, తర్వాత గిటార్. దీవెన అంటే వచ్చిన ప్రతి పెద్దాయనా మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలూ ముత్తాత గుర్రం దగ్గర మొదలై, మునిమనవడి దంతాల డాక్టరు దగ్గర ఆగుతాయి. చెప్పనివ్వకపోతే రెండు తరాలు మాటలుండవు.

హాలుకి రెండు మైకులు. మొదటిది మూడో దీవెనలోనే మాంసం పులుసు గిన్నెలో మునిగింది. రెండోది పదిహేడో దీవెన దాకా ప్రాణం నిలుపుకుని, పద్దెనిమిదో ఆయన తన ఒంటెల సంఖ్య చెబుతుండగా కన్నుమూసింది.

"సరే, ఇక గిటార్," అన్నాడు మేష్టరు చేతులు రుద్దుకుంటూ. "రా నాయనా."

షబ్దాన్ మధ్యకొచ్చి నిలబడ్డాడు. బురుల్ చెంచా కింద పెట్టి చూస్తోంది. అతను పట్టీ సర్దుకున్నాడు, మైకు సర్దుకున్నాడు, గొంతు సర్దుకున్నాడు. ఆ దగ్గు హాలంతా కొండలోయలో ఉరిమినట్టు మోగింది.

అంతే, ఇంకా దీవెన వంతు రాని ఇస్మాన్ తాత లేచాడు. "అదిగో, ఆ డబ్బా పలుకుతోంది."

"తాతా, ఇది గిటార్‌ది..."

"ఏదైతేనేం? పళ్లెంలోకొచ్చిన మేకపిల్లని ఎవరి దొడ్డిదని అడుగుతామా? కాస్త పైకెత్తు. నా నడుం వంగదు."

షబ్దాన్ ఎత్తి పట్టుకున్నాడు. తాత గిటార్ మెడకి గడ్డం ఆనించి దీవెన మొదలెట్టాడు. మారుమోతతో ఆ గొంతు పై లోకంనుంచి తాతముత్తాతలు మాట్లాడినట్టు వచ్చింది. నలభై ఏళ్లుగా ఆయన మాట చెవిన పెట్టని భార్య, తింటున్నది ఆపి చేతులు జోడించింది. అది చూసిన ముసలాళ్లందరికీ ఆశ పుట్టింది. అరనిమిషంలో గిటార్ ముందు బారు తయారైంది. మొదట చెప్పేసినవాళ్లు కూడా, తమది సరిగా వినపడలేదని మళ్లీ నిలబడ్డారు.

నాలుగు దాటింది. మేష్టరుకి ఓపిక చచ్చింది. "ఇక చాలించండి. కుర్రాడు వాయించాలి."

"అయ్యో, అదేం మాట మామగారూ," అన్నాడు షబ్దాన్, గిటార్ ఇంకాస్త పైకెత్తుతూ. "పెద్దల నోట్లో మాట ఉండగా నా తీగ పలకడం ఏం మర్యాద? తాతా, మీ చిన్నతమ్ముడు చెప్పలేదేమో. పిలవండి."

చిన్నతమ్ముడొచ్చాడు. ఆయనకి ఎనభై. ఆయన వెనకాల ఆయన బావమరిది.

దోస్మత్ దగ్గరికొచ్చి గొణిగాడు. "పిచ్చివాడా, నీ పెళ్లి పోతుంది. ఒక్క పాట వాయించెయ్. నేను సౌండు పెంచుతాను."

"ఆ పద్దెనిమిదో పెద్దాయన ఒంటెలు ఇంకా పూర్తి కాలేదన్నా."

ఐదింటికి అవతలి పెళ్లివాళ్లు పూలతో తలుపులు తోసుకుని వచ్చేశారు. షబ్దాన్ భుజాలు పడిపోయి ఉన్నాయి. గిటార్ మెడ నిండా రొట్టె తునకలూ గుర్రం పాల చుక్కలూ. మేష్టరు వచ్చి ఆ రొట్టె తునకలు దులిపాడు.

"నా బతుకంతా వాయించేవాళ్లనే చూశాను," అన్నాడు. "ఇద్దరు విన్నారంటే మూడోవాణ్ణి మాట్లాడనివ్వరు. నువ్వు అంత విద్య చంకలో పెట్టుకుని, రెండు గంటలు ముసలాళ్లకి గుంజలా నిలబడ్డావు. ఆదివారం మీ అమ్మని పోగులతో పంపు."

బురుల్ మొహం తిప్పుకుని నవ్వింది. ఆరో బల్ల దగ్గర తల్లి కళ్లు తుడుచుకుంది.

"కానీ ఒక్క మాట," అన్నాడు మేష్టరు. "మూడు నెలల్లో పెళ్లి. ఆ రోజు దీవెనలన్నీ బందు. నువ్వే వాయించాలి."

"తప్పకుండా మామగారూ."

మర్నాడు పొద్దున్నే షబ్దాన్ సంగీతం బడిలో గిటార్ ఒకటో తరగతిలో చేరాడు.