ఇంకా తగ్గాలా?

"మళ్ళీ తయారైంది చూడన్నా, పూచికపుల్ల!"

టైలరక్క గొంతు తగ్గించకుండానే అంది. ముందు నిలబడ్డ బస్సు కండక్టరు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు.

"గట్టిగా తుమ్మకక్కా, ఎగిరిపోతుంది."

బరువు తగ్గాలనుకునే వాళ్ళంతా ప్రతి బుధవారం సాయంత్రం ఆ హాల్లో చేరతారు. ఒక్కొక్కరే మిషనెక్కాలి. మేడం అంకె పైకి చదువుతుంది. తగ్గితే అందరూ చప్పట్లు కొట్టాలి. పెరిగినా, అంతంతమాత్రంగా తగ్గినా మేడం పెట్టే చీవాట్లు తినాలి.

నెల రోజుల కిందట చేరిన ఆ సన్నటి మనిషిని చూస్తేనే టైలరక్కకు ఒళ్ళు మండిపోతుంది. తనకు మోకాళ్ళు అరిగిపోయాయి. బరువు తగ్గకపోతే కుట్టుమిషను తొక్కడం మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. ఇష్టమైనవన్నీ మానేసినా ముల్లు కదలడం లేదు. ఈవిడకేం రోగం? మా ముందు నాజూకు ఒలకబోయడానికి కాకపోతే!

టైలరక్క మిషనెక్కింది.

"రెండు వందల గ్రాములే తగ్గావు. వారమంతా కష్టపడి ఇదేనా? నోటికి తాళం వెయ్యమన్నానా లేదా?" అంది మేడం.

అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మిషను దిగింది.

తర్వాత సన్నటావిడ ఎక్కింది.

"కిలో తగ్గారు! చూడండి, పట్టుదలంటే ఇదీ!"

చప్పట్లు మోగాయి. ఆవిడ నవ్వలేదు. ప్రతి వారం అడిగే ప్రశ్నే మళ్ళీ అడిగింది.

"ఇంకా తగ్గాలా మేడం?"

"ఇంకో రెండు కిలోలు తగ్గారంటే బొమ్మలా ఉంటారు."

టైలరక్క ఇక ఆగలేకపోయింది.

"ఏమ్మా, మమ్మల్ని వెక్కిరించడానికి వస్తున్నావా? దిగు ముందు!"

విసురుగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. పాతికేళ్ళుగా మనుషుల కొలతలు తీస్తున్న వేళ్ళవి. ఆ చొక్కా చేతిలోపల ఉన్నది పదేళ్ళ పిల్ల చెయ్యి. చొక్కాను రెండు పక్కలా లోపలికి కుట్టుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ తూలి టైలరక్క భుజమ్మీద వాలింది. బరువే తెలియలేదు.

టైలరక్క కోపం ఒక్కసారిగా మేడం మీదికి తిరిగింది.

"మేడం, మీకు కళ్ళున్నాయా? ఈవిడ ఇంకా తగ్గాలా? తగ్గడానికి ఎముకలు తప్ప ఏం మిగిలిందని?"

"గొడవ చెయ్యకండి. ఆవిడ ఇష్టపడి వస్తున్నారు. వద్దనడానికి నేనెవర్ని?"

"తగ్గమనడానికి మాత్రం నువ్వు ఎవరివి? మనిషి కళ్ళముందు తూలిపోతుంటే చప్పట్లు కొట్టిస్తావా?"

కండక్టరు తల దించుకున్నాడు.

"నేనింక రాను. ఈవిడా రాదు. ఏం చేసుకుంటావో చేసుకో!"

ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించుకొచ్చింది. మెట్లమీద కూర్చోబెట్టి, తన సీసాలో నీళ్ళు తాగించింది. కోపం మాత్రం చల్లారలేదు.

"నీకిదేం పొయ్యేకాలమమ్మా? పస్తులుండి చచ్చిపోదామనా? ఇంట్లో అడిగే నాథుడే లేడా?"

ఆవిడ ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ ఊపిరి కూడదీసుకుంది.

"ఇంక చాలు, తగ్గొద్దు అని ఇక్కడ ఒక్కరైనా అంటారేమో చూద్దామని వచ్చాను. ఐదో వారానికి మీరన్నారు."

"నేను కాకపోతే ఎవరంటారు? రెండేళ్ళుగా చూస్తున్నాగా ఈ మేడం సంగతి!"

ఆవిడ చటుక్కున తిరిగి టైలరక్క మొహంలోకి చూసింది.

"రెండేళ్ళుగా వస్తున్నారా? ఒక్క బుధవారం కూడా మానకుండా?"

"ఒక్కటి కూడా మానలేదు."

ఆవిడ టైలరక్క చేతిని మెల్లగా తనమీంచి తీసేసింది.

"అయితే, ఇక్కడికొచ్చి తగ్గుతూ తగ్గుతూ చనిపోయిన మా అమ్మాయి మీకు తెలిసే ఉంటుంది."