గడియ పెట్టని తలుపు

"ఫల్గుణ మీద కేసు కొట్టేశారమ్మా. హైకోర్టు ఆర్డరొచ్చింది."

లాయరు సరళ గొంతు అంతవరకే వినిపించింది. సిగ్నల్ పోయింది.

సోనికి అదే చాలు. గంజాయి కేసులో బెయిలు మీదున్నవాణ్ణి కోరి చేసుకున్న మనిషి. అంబలికి కలుపుతూ చేతికంటిన చోడిపిండి మొగుడి బుగ్గలకు రాసేసింది.

"ఏటే, పిండంతా నా మొహానికేనా?"

"ఇంక నువ్వు ముద్దాయివి కాదు. ఉత్త మొగుడివే."

ఫల్గుణ నవ్వాడు. నవ్వుతూనే తలుపు తెరిచి ఉందో లేదో చూసుకున్నాడు.

ఆ ఇంటి తలుపుకు గడియ పెట్టరు.

పెళ్లికి ముందు, డుంబ్రిగుడ సంతలో మిరియాలు అమ్ముకుంటున్న ఫల్గుణను పోలీసులు పట్టుకుపోయి, ఎక్కడో గదిలో పడేశారు. కళ్లకు గంతలు. బయట కాపలావాడి దగ్గు. ఆ దగ్గు వినిపించాక గడియ తీసేవాళ్లు, కొట్టేవాళ్లు. ఇప్పటికీ ఎవరు దగ్గినా లేచి పారిపోబోతాడు.

పెళ్లయిన కొత్తలో ఎవరో బక్కమనిషి వాకిట్లో నిలబడి దగ్గాడు. ఫల్గుణ పెరట్లోకి పరుగెత్తాడు.

"దాహం, తల్లీ."

"నీళ్లు లేవు. బేగి పో," అంది సోని, నిండు బిందె పక్కనే నిలబడి.

"తలుపు ఎప్పుడూ ఇలాగే ఉంచుతారేటమ్మా?"

"గడియ పెడితే మా ఆయనకి ఊపిరాడదు."

అతను కాసేపు ఆ తలుపునే చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఫోన్ మళ్లీ మోగింది. సరళే. సోని స్పీకరు పెట్టింది. పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని, అది రాజ్యాంగం ఇచ్చిన హక్కని చెప్పింది. ఫల్గుణను రోజుల తరబడి దాచి, అప్పుడే దొరికాడని కాగితాల్లో రాసిన సంగతి రుజువైందట.

"ఎవరు చెప్పారు మేడమ్?" అడిగింది సోని.

"అక్కడ కాపలా ఉన్న హోంగార్డు, వరహాలు. గడియ పెట్టింది నేనేనని కోర్టుకు రాసిచ్చాడు. ఉద్యోగం పోయింది. తన పేరు మీకు చెప్పొద్దన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఈమధ్యే చనిపోయాడమ్మా. రేపే పెద్దకర్మ, శృంగవరపుకోటలో."

సోని ఫోన్‌ను మొగుడి దగ్గరికి జరిపింది.

"ఇన్నాళ్లకు ఎందుకు చెబుతున్నావని అడిగాను. వాళ్లింటి తలుపు చూసొచ్చానన్నాడు, దగ్గుతూనే."

ఫోన్ పెట్టేశాక ఫల్గుణ బుగ్గల మీది పిండి తుడుచుకోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

"రేపు మొదటి బస్సుకే పోదాం," అంది సోని, బిందె వైపు చూడలేక. "నేను గుక్కెడు నీళ్లివ్వకుండా తరిమింది ఆయన్నే."