మూడు నెలల గడువు

ఏరు రెండోసారి ఊళ్ళోకి వచ్చిన ఏడాది. మొదటిసారి వీధులు తడిపి పోయింది. రెండోసారి జనన మరణాల ఆఫీసులో దూరి, బీరువాల్లో రిజిస్టర్లన్నీ నానబెట్టింది. వాటిని ఆరబెట్టి మళ్ళీ కుట్టే పని అన్నదమ్ముల బైండింగు షాపుకి వచ్చింది.

ఆ రోజు చిన్న బైండరు భార్య, కుడుతున్న రిజిస్టరు తీసి నేలకేసి కొట్టింది. కుట్టేటప్పుడు దారం మరీ బిగలాగింది. కాగితాల మడతలు పన్నెండూ వెన్ను దగ్గర తెగిపోయాయి. ముప్పై ఏళ్ళుగా కుడుతోంది, ఆమె చేతిలో ఒక్క కాగితం చిరిగింది లేదు. కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంది. తెగిన చోటల్లా పల్చటి కాగితం అతికించి, సాయంత్రానికి మళ్ళీ కుట్టింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

షాపు పెద్ద బైండరు పేరు మీద ఉంది. ఆయన తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు.

“ఏమైందిరా మీ ఆవిడకి?”

“ఆపరేషన్ చేసి గర్భసంచీ అదీ తీసేశారు కదా అన్నయ్యా. హార్మోన్ మాత్రలిచ్చారు. కొత్తలో కోపం, ఏడుపు, తలనొప్పి అన్నీ ఉంటాయట. మూడు నెలలకి ఒళ్ళు అలవాటు పడుతుందన్నాడు డాక్టరు. అందాకా ఎదురు చెప్పొద్దన్నాడు.”

“అందాకా ఇంట్లో ఉంచు. ఇంకొకర్ని చూద్దాం.”

ఆ మాట ఆమె వింది.

“ఇంట్లో కూచుంటే గోడలు కరుస్తాయి బావగారూ. చేతిలో సూది ఉంటేనే నేను మనిషిని.”

పెద్దాయన ఆలోచించి గడువు పెట్టాడు. మందు మీద ఉన్నంతకాలం ఆవిడ ఏమన్నా, ఏం చేసినా తాను నోరెత్తడు. మందు కుదిరాక మాత్రం ఎప్పట్లా తల వంచుకుని కుట్టుకోవాలి. లేదంటే ఇంటికే.

మొదటి నెల గడవడం కష్టమైంది. జిగురు ఉడికే వాసనకి ఆమెకు వాంతులయ్యేవి. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేది. అయినా పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చేది. ఓర్చుకో, మూడు నెలలే కదా అన్నాడు మొగుడు. ఓర్చుకోవాల్సింది మీరు, నేను పని చేసుకుంటున్నానంది.

ఆ నెలాఖర్లో ఒకరోజు కంటి ముందు మెరుపుల్లాగా వచ్చి, సూది బెజ్జం కనపడలేదు. తల బద్దలైపోతోందంది. మర్నాడు ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఏమన్నాడని అడిగితే, చెప్పాడులే అని పనిలో పడింది. చిన్న బైండరు తవ్వి అడిగే మనిషి కాదు.

తర్వాత ఏడుపు తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు. దానికో తీరు వచ్చింది. నేల మీద కూచోనని, బల్లా కుర్చీ వేయించుకుంది. ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతున్నాయని, ఏళ్ళ తరబడి మూసి ఉన్న కిటికీ తెరిపించింది. బావగారి సిగరెట్టుని వీధిలోకి సాగనంపింది. ఆదివారం షాపు మూయించింది. పెద్దాయన పళ్ళు నూరుకునేవాడు. మందమ్మా మందు, మనిషి కాదు అని గొణుక్కునేవాడు. తమ్ముడు అన్నని బతిమాలుకుంటూ, క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ పోయాడు.

రెండున్నర నెలలప్పుడు పెద్ద గొడవైంది. నానిన అంచులు ఉబ్బి వికారంగా ఉన్నాయని పెద్దాయన జననాల రిజిస్టర్లు కటింగ్ మిషన్ కింద పెట్టాడు. అరంగుళం కోసేద్దామని కత్తి దించే చక్రం పట్టుకున్నాడు. ఆమె వచ్చి ఆ దొంతర మీద అరచెయ్యి ఆనించింది.

“కోస్తే నా చెయ్యి మీంచి కొయ్యండి.”

“ఒంట్లో బాగాలేని దానివి, తప్పుకో.”

“అంచు చూడండి ముందు. పుట్టినప్పుడు పిల్లలకి పేరుండదు. పెట్టాక వచ్చి అంచున రాయిస్తారు.”

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. అంచు పొడుగునా చీమల బారులాగా పేర్లున్నాయి. చక్రం వెనక్కి తిప్పి, రిజిస్టర్లు బయటికి తీశాడు.

“ఈ మిషన్ కూడా నేను నేర్చుకుంటాను,” అంది ఆమె.

“మందు కుదరనీ. అప్పుడు మాట్లాడతాను నీతో,” అన్నాడు పెద్దాయన.

మూడు నెలలూ నిండాయి. ఆమె ఆఖరి రిజిస్టర్ల మీద ఉంది. చిన్న బైండరు ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మా ఆవిడకి మందు కుదిరినట్టేనా అని అడిగాడు. డాక్టరు కాగితాలు తిరగేసి రెండు ముక్కల్లో చెప్పాడు. చిన్న బైండరు బయట బెంచీ మీద చాలాసేపు కూచుని, నడిచి వచ్చాడు.

పెద్దాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“ఏమన్నాడ్రా? కుదిరిందా?”

లోపల సూది ఆగిపోయింది. చిన్న బైండరు భార్య వైపు చూడలేదు.

“లేదన్నయ్యా. ఇంకా చాలాకాలం పడుతుందట. ఎదురు మాత్రం చెప్పొద్దన్నాడు.”

నా ఖర్మ అనుకుంటూ పెద్దాయన సిగరెట్టు పట్టుకుని వీధిలోకి నడిచాడు. కాసేపటికి లోపల సూది మళ్ళీ కదిలింది.

మర్నాడు పొద్దున చిన్న బైండరు ఆమె కన్నా ముందే షాపుకి వెళ్ళాడు. కటింగ్ మిషన్‌కి నూనె పెట్టాడు. చక్రం ఆమె చేతికి అందేలా కింద చెక్కపీట వేశాడు. తను వెళ్ళి ఆమె కుర్చీలో కూచుని, సూదికి దారం ఎక్కించుకున్నాడు.

ఒంటికి పడటం లేదని డాక్టరు ఆ మాత్రలు మాన్పించి అప్పటికి రెండు నెలలు.