పెద్దాయన చెవి ఎటు?

ఊరిపెద్ద దశరథరామయ్య నెత్తిన వైర్ల టోపీ పెట్టగానే, ఆయన ఇంటి అరుగు ముందు చేరిన జనం పెళ్లికొడుకును చూసినట్టు చూశారు.

రాచర్ల పక్కన ఆ ఊళ్లో పంచాయితీ అంటే ఇద్దరూ ఒకేసారి అరవాలి. వంతు కోసం ఆగినవాడు ఓడినట్టే లెక్క. అందుకే గిద్దలూరు లెక్చరర్ కరుణాకరం ఏరికోరి ఇక్కడికి వచ్చాడు. పదిమంది ఒక్కసారే మాట్లాడుతుంటే మనిషి చెవి ఎవరి గొంతును పట్టుకుంటుందో కంప్యూటరుకు నేర్పించడం అతని పరిశోధన.

"ఆ టోపీ పెద్దాయన మెదడును చదువుతాది. ఆయన నీ మాట వింటే పచ్చగీత లేస్తది మామా. మాల్యాద్రి మాట వింటే ఎర్రగీత," అని గురుస్వామికి తెర చూపించాడు.

గురుస్వామి ప్రాణమంతా ఆ గీతలోనే ఉంది. కొండకు పోయే బాటకు మాల్యాద్రి కంచె వేశాడు. బాట లేకపోతే మేకలకు మేత లేదు. మంద అమ్ముకోవాల్సిందే.

ఎప్పుడూ పెంపుడు పొట్టేలును వెంటేసుకుని మీసం తిప్పుతూ వచ్చే మాల్యాద్రి, ఆ పొద్దు ఒక్కడే చేతులు కట్టుకుని వచ్చాడు. భయపడ్డాడనుకున్నాడు గురుస్వామి.

మొదలైంది.

"మా తాత నడిచిన బాట పెద్దనాయనా!"

"నా పట్టాలో ఉండాది పెద్దనాయనా!"

మధ్యలో పిండిమర, ఆటో హారను, పెరట్లో ఏదో జీవం అరుపు, ఎవరింట్లోదో టీవీ. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

పచ్చగీత లేచింది. దిగలేదు. ఎర్రగీత పడుకునే ఉంది.

"చూస్తివా బావా? నీ అరుపంతా గాలికి పోయింది!" అన్నాడు గురుస్వామి.

మాల్యాద్రి నవ్వాడు.

పెద్దాయన కళ్లు తెరిచాడు. "కంచె యాడిదాడ ఉండాల్సిందే. గురుసామీ, మేకలు గాకపోతే కోళ్లు సాక్కో పో," అని టోపీ తీసి అన్నానికి లేచాడు.

గురుస్వామి కరుణాకరం చొక్కా పట్టుకున్నాడు. "నా మాటే ఇన్నాడంటివి గదరా! ఏందిది?"

"మిషన్ అబద్ధం చెప్పదు మామా. మీ ఇద్దర్లో నీ మాటే ఇన్నాడు. కాకుంటే, ఇద్దరికన్నా ఎక్కువ ఇంకో గొంతు మీదికి చెవి పోతా వచ్చింది. మనిషిది కాదు గదా అని లెక్కలోంచి తీసేసినా. కావాలంటే ఇను."

హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఇందాక తన కేకల హోరులో గురుస్వామి పట్టించుకోని ఆ అరుపు, పెద్దాయన పెరట్లోది, ఇప్పుడు విడిగా, శుభ్రంగా వినిపించింది.

మేకలు కాసేవాడి చెవి పొరపడదు, అది మాల్యాద్రి పొట్టేలు.