గుంతలో బుడగలు

ఆ రోజుకు సదానందం చేతిలో ఉన్న సరుకు ఇంతే: సుల్తానాబాద్ శివారులో ఉన్ని నూలుకు రంగులేసే షెడ్డు, దాని వెనక ఘాటుగా కంపు కొట్టే నీళ్ల గుంత, గోడ అవతల దశరథం.

ఆ దశరథమే ఇప్పుడు గోడ మీంచి గంపెడు పెండ గుంతలో కుమ్మరిస్తున్నాడు.

"ఏంది బావా గీ పని?"

"నీ యాసిడ్ వాసన నా ఇంట్లకు వస్తలేదా? నా బర్ల పెండ గట్లనే నీ గుంతలకొస్తది. రోజూ వస్తది. పది దినాలు సూస్త. అటెన్క వాడకట్టంతా తోలుకొచ్చి నీ షెడ్డుకు తాళమేపిస్త."

సదానందం గుంతలో సున్నం పోసి చూశాడు. ఘాటు కొంత తగ్గింది, పోలేదు. కరీంనగర్‌లో సూక్ష్మజీవుల చదువు చదివే కూతురు అలేఖ్యకు ఫోన్ చేశాడు.

"బాపూ, రంగు పట్టనీకి నువ్వేసేది ఫార్మిక్ యాసిడ్. చీమ కుడితే మండేది గదే. దాన్ని తినే బ్యాక్టీరియా ఉంటయి. వాటిల ఉండే ఎంజైమ్ ఆ యాసిడ్‌ను కార్బన్ డయాక్సైడ్ చేసి ఇడుస్తది. సోడాల బుడగలు లేస్తయి సూడు, గదే గాలి."

"యాడ దొరుకుతయవి?"

"మోరీ బురదల, పశువుల కడుపుల, ఏడ సూసినా ఉంటయి. మా కాలేజీల పెంచినయి సీసాల తెస్త."

"ఎంతైతది?"

"ఫుకట్‌కే."

సదానందం మనసు కుదుటపడింది.

ఆదివారం అతను నూలు బేరానికి ఖానాపూర్ పోయి వచ్చేసరికి అలేఖ్య వచ్చి వెళ్లిపోయింది.

"సీసా తెచ్చిందా?"

"తెచ్చింది," అంది భార్య నవనీత. "ఫ్రిజ్‌ల పెట్టింది, ముట్టకుమన్నది. మళ్లొస్తనన్నది."

గుంతలో పోయగా మిగిలింది దాచిందనుకున్నాడు. సరుకు ఇల్లు చేరిందంటే పని అయినట్టే అతని లెక్క.

దశరథం మాత్రం పొద్దున్నే గంప మోయడం మానలేదు. గడువు దగ్గరపడేసరికి గుంత నిండా సన్నటి బుడగలు. ఘాటు పోయింది.

దశరథం గోడకు మోచేతులానించి రెండుసార్లు ముక్కెగపీల్చాడు. "ఏం మాయ జేసినవు బావా?"

"మాయ గాదు. నా బిడ్డ తెచ్చిన మందు."

"జర మిగిలితే నాకియ్యి, మా మోరిల పోసుకుంట. ఇగ పెండ ఎయ్య. నీ మీద ఒట్టు."

లోపలికి నడుస్తూ సదానందం లెక్క చూసుకున్నాడు. షెడ్డు నిలిచింది, బావ కలిసిపోయాడు, పెండ ఆగింది. మూడూ లాభాలే. హుషారుగా ఫ్రిజ్ తలుపు తీశాడు.

సీసాకు వేసిన సీలు వేసినట్టే ఉంది. ఇన్ని రోజులూ గుంతలో పడింది దశరథం పెండే.