గువ్వ అడిగిన గుమ్మడి

"జామచెట్టు కుదరదురా. ఇవి కూరగాయల మళ్ళు," అంది ఆయమ్మ.

"మరి మామిడి?" అన్నాడు బొండాం. వాడికి నాలుగేళ్ళు. ఒళ్ళు చూసి అందరూ ఆ పేరు ఖాయం చేశారు.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే చెట్లెక్కేస్తున్నాడు వీడు."

ఆయమ్మ కటింగు కాగితాన్ని నేలమీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. కుట్టుహాల్లో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల్ని పగలంతా కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. హాలు వెనక, గోడవారగా ఉన్న ఖాళీ జాగాలో పిల్లలచేత కూరగాయలు వేయిస్తానని నెల్లాళ్ళు పెద్దమేడం వెంటపడింది. మేడం చివరికి సరేనంది గానీ, షరతులు గట్టిగానే పెట్టింది. తీగలు గోడ ఎక్కకూడదు. పందిళ్ళు వేయకూడదు. మట్టి తవ్వుకోడానికి బొరిగె ఒక్కటే ఇస్తారు, అదీ సాయంత్రం గంట కొట్టేలోపు ఆఫీసులో అప్పజెప్పాలి.

"ఆవిడకి మనుషులకన్నా గోడే ముద్దు," అని గొణుక్కుంది ఆయమ్మ. అయినా విత్తనాల పొట్లాలు తెప్పించింది మేడమే కాబట్టి అంతకు మించి అనలేదు.

కాగితం మీద నాలుగు మళ్ళు గీశారు. మొదటిది తోటకూర, బొండాం వంతు. మిగతా పిల్లలు నిద్రపోతున్నారు కాబట్టి వాళ్ళ మళ్ళు రెండింటికీ ఆయమ్మే గోరుచిక్కుడు, వంగ అని రాసేసింది. నాలుగోది గువ్వది. అక్కడే పేచీ వచ్చింది.

గువ్వ వాళ్ళమ్మ హాల్లోంచి వచ్చింది, మెడలో కుట్టు టేపుతో. పొద్దున్నుంచీ చొక్కాలకి కాజాలు కుడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం అరగంట విరామం. ఆ టేపుతోనే నేల కొలిచి, మడికీ మడికీ మధ్య అడుగు దారి వదిలి, గుర్తుకి గుడ్డపీలికలు పరిచింది. గువ్వ వెనకాలే నడుస్తూ పీలికల మీద రాళ్ళు పెట్టింది.

"నీ మడిలో బెండ వేద్దాం," అంది తల్లి.

"గుమ్మడి."

"బెండయితే యాభై రోజులకి కాపుకొస్తుందే. నీ చేత్తో నువ్వే కోసుకుని పెద్దమ్మకి పట్టుకెళ్ళచ్చు."

"నాకు గుమ్మడే కావాలి."

గువ్వకి ఆరేళ్ళు నిండటానికి యాభై ఎనిమిది రోజులున్నాయి. ఆరు నిండిన పిల్లల్ని అక్కడ ఉంచుకోరు. ఊళ్ళో పెద్దమ్మ ఇంట్లో ఉండి బడికి పోవాలి. బుద్ధి తెలిసినప్పట్నుంచీ తల్లిని వదిలి ఒక్క రాత్రి కూడా పడుకోని పిల్ల. తల్లికి ఒకటే పట్టుదల, వెళ్ళేరోజున పిల్ల చేతిలో అది పెంచుకున్న కాయలుండాలి. ఉత్త చేతుల్తో పంపకూడదు. ఇవ్వడానికి తన దగ్గర మరేమీ లేదు.

"గుమ్మడికి నాలుగు నెలలు పడుతుంది. అప్పటికి నువ్వెక్కడుంటావు?"

"పెద్దమ్మ దగ్గర."

"మరి?"

"గుమ్మడే."

"పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అంది ఆయమ్మ. "అచ్చం నీ పోలికే."

తల్లి నవ్వలేదు. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? రోజూ నీళ్ళు పోసి పెంచి, కాయని కళ్ళ చూడకుండానే పోతావా? అదా నీ తెలివి?" ఆమె గొంతు హెచ్చింది. బొండాం వెళ్ళి ఆయమ్మ వెనక నక్కాడు. అరిచినందుకు తల్లికి వెంటనే సిగ్గేసింది.

గువ్వ ఏడవలేదు. ఏ లెక్కో తేల్చుకుని వచ్చినదానిలా నిలబడింది.

"బెండకాయలైతే నేనే పట్టుకుపోతాను. ఇంక నువ్వు రావక్కర్లేదు. గుమ్మడికాయ నేను వెళ్ళాక కాస్తుంది. అప్పుడు నువ్వు తేవాలి కదా. అంత బరువు ఆయమ్మ మొయ్యలేదు."

తల్లి మెడలోని టేపు తీసి చుట్టడం మొదలుపెట్టింది. సగం చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"పని అయిపోయాక వస్తానన్నావు కదమ్మా?"

"అన్నాను."

"ఇంకా ఎన్ని చొక్కాలున్నాయి?"

"చాలా ఉన్నాయి తల్లీ."

"తొందరగా కుట్టెయ్యి మరి."

హాల్లో ఎవరో మిషను తొక్కడం మొదలుపెట్టారు. ఆయమ్మ గొంతు సవరించుకుంది. "గుమ్మడికాయకి ఓ మంచి గుణం ఉందిలే. కోశాక కూడా చెడదు."

"ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగింది తల్లి.

"నీడపట్టున పెడితే ఆర్నెల్లు."

తల్లి తలూపింది. పిల్ల అడగక అడగక అడిగిన మొదటి కోరిక ఇది. ఆమె కాదనలేకపోయింది. బొరిగె అందుకుని నాలుగో మడి మధ్యలో గుంత తవ్వింది. ఆయమ్మ వంటింట్లోంచి ఏరి ఎండబెట్టిన గుమ్మడి గింజలు మూడు తీసి గువ్వ అరచేతిలో పెట్టింది.

"మూడెందుకు?"

"ఒకటి మొలవకపోయినా ఇంకోటి మొలుస్తుందని."

గువ్వ ఒక్కొక్కటే గుంతలో వేసింది. మట్టి కప్పి, రెండు చేతుల్తో మెల్లగా అదిమి, తల్లి మొహంలోకి చూసింది.

"తెస్తావా?"

"తెస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయమ్మ అటు తిరిగి బొండాం ముక్కు తుడవసాగింది. వాడి ముక్కు శుభ్రంగానే ఉంది.

ఇంతలో విరామం అయిపోయిందని గంట కొట్టారు. తల్లి లేచి, చేతుల మట్టి దులుపుకుని, హాలు గుమ్మం ముందు నిలబడ్డ ఆడవాళ్ళ వరసలో చివర్న చేరింది.

ఆమెకి ఇంకా పదకొండేళ్ళ జైలుశిక్ష మిగిలి ఉంది.